లెపొరెల్లో రిజిస్టరు: ఒక ఆడిట్ అభ్యంతరం

ముప్పై ఒక్క ఏళ్లు ఇతరుల లెక్కల్లో తప్పులు వెతికి రిటైరైన మనిషిని ఒపేరా ముందు కూర్చోబెట్టకూడదు. మా కోడలికి ఆ సంగతి తెలియదు. "మొజార్ట్ అండీ మావయ్యగారూ, మూడు గంటలు హాయిగా గడిచిపోతాయి" అంటూ టీవీలో పెట్టి, కింద ఇంగ్లిష్‌లో మాటలు పడేలా చేసి, గిన్నెలో వేయించిన పల్లీలు పోసి తన పని చూసుకోవడానికి వెళ్లిపోయింది. ఆ హాయి అరగంట నిలిచింది. అంతలో ఒక నౌకరు ఓ పుస్తకం తెరిచి అంకెలు చదవడం మొదలుపెట్టాడు. పల్లీలు పక్కన పెట్టి పెన్సిలు కోసం లేచాను.

ఆ ఒపేరా 'డాన్ జొవానీ'. 1787 అక్టోబరు 29న ప్రాగ్ నగరంలో తొలిసారి ఆడారు. సంగీతం మొజార్ట్‌ది, మాటలు లొరెంజో దా పోంతేవి. పూర్తి పేరు 'శిక్ష పడిన విటుడు, లేక డాన్ జొవానీ'. పేరులోనే తీర్పు చెప్పేసి ఆ తర్వాత విచారణ మొదలుపెట్టారన్నమాట. (ఆ పద్ధతి మనకేం కొత్త కాదు.) మోహం గురించి ఇంత లోతుగా చెప్పిన ఒపేరా మరొకటి లేదని తెలిసినవాళ్లు అంటారు. లేకపోవచ్చు. నేనంత లోతుకి పోను. నాకు కనబడినంతవరకు ఇదంతా ఒక రిజిస్టరు గొడవ.

సంగతేమిటంటే, స్పెయిన్‌లో డాన్ జొవానీ అనే కుర్ర జమీందారు ఉన్నాడు. కనబడిన ప్రతి ఆడదాని వెంటా పడటం ఆయన వృత్తి, ప్రవృత్తి. ఆయన దగ్గర లెపొరెల్లో అనే నౌకరు. కాపలా కాయడం, కబుర్లు మోయడం, తన్నులు తినడంతో పాటు యజమాని 'విజయాల'ను పుస్తకంలో ఎక్కించడం కూడా వీడి పనే. బుర్గోస్ నుంచి డోనా ఎల్విరా అనే ఆవిడ ప్రయాణపు బట్టల్లోనే వచ్చి వీధిలో నిలబడుతుంది. నువ్వే నా భార్యవని చెప్పి, మూడు రోజులుండి, ఆ మూడో రోజు తర్వాత చెప్పకుండా పారిపోయాడు మహానుభావుడు. ఆవిడ కోపంగా పాడుతుంటే, ఎవరో ఆడమనిషి వాసన తగిలిందని ఈయనే దగ్గరికి వెళ్తాడు. తీరా చూస్తే పాత బాకీ! సంజాయిషీ చెప్పే పని నౌకరుకి అప్పగించి జారుకుంటాడు.

అప్పుడు తెరుస్తాడు లెపొరెల్లో ఆ పుస్తకాన్ని. ఆవిడ ముందే. అమ్మగారూ, మీరు మొదటివారూ కారు, చివరివారూ కారు, ఊరడిల్లండి, ఇదిగో చూడండి అని. ఇటలీలో 640. జర్మనీలో 231. ఫ్రాన్స్‌లో 100. టర్కీలో 91. ఇక స్పెయిన్‌లో... అక్కడ ఆగి, ఊరించి, ఇప్పటికే 1003 అంటాడు. ఆ వెయ్యిన్ని మూడుని మళ్లీ మళ్లీ అంటాడు. కింద వాద్యాలు చకచకా పరుగెడుతుంటాయి, వేళ్లు తడుపుకుంటూ పేజీలు తిప్పినట్టు. ఇంత సంగీతం పోసి చదివిన పద్దులు నా సర్వీసులో నేను చూడలేదు. మామూలుగా పద్దులు చదివేటప్పుడు ఫ్యాను చప్పుడు తప్ప ఏదీ వినబడదు.

మొదటి అభ్యంతరం ఇక్కడే. పాట మొత్తంలో ఎక్కడా టోటల్ చెప్పడు. నేనే వేశాను: 2065. కింద టోటల్ వేయని రిజిస్టరు ఎవరు తెచ్చినా, వేయనందుకు ఒక కారణం ఉంటుందని మాకు మొదటి నెలలోనే నేర్పారు.

రెండో అభ్యంతరం, ఫ్రాన్స్. సరిగ్గా వంద! గుండ్రటి అంకె కనబడితే చాలు, అది కుర్చీలో కూర్చుని రాసిన అంకె. 1003 ఇంకా తెలివైనది. వెయ్యి అంటే ఎవరూ నమ్మరు, వెయ్యిన్ని మూడు అంటే 'ఎవరో నిజంగానే లెక్కపెట్టారు కాబోలు' అనుకుంటారు. నాకంటే ముందే ఈ అంకె మీద వేలు పెట్టినవాడొకడు ఉన్నాడని తర్వాత తెలిసింది. కియర్కెగార్డ్ అని డెన్మార్క్ తత్వవేత్త. అది బేసి సంఖ్య, ఏదో యాదృచ్ఛికంగా పడినట్టుంది కాబట్టి చిట్టా ఇంకా ముగియలేదనే భావన కలిగిస్తుందని 1843లో రాశాడు. తత్వవేత్త కాబట్టి మెచ్చుకున్నాడు. ఆడిట్‌లో పనిచేసి ఉంటే వోచర్లు అడిగేవాడు.

మూడోది కాలం. ఎల్విరాకి మూడు రోజులు పట్టింది, ఇది ఆవిడ నోటి మాట, మన దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం. ఆ లెక్కన 2065 మందికి 6195 రోజులు. అంటే పది రోజులు తక్కువ పదిహేడేళ్లు, ఒక్క ఆదివారం కూడా సెలవు లేకుండా. ప్రాగ్‌లో మొదటిసారి ఈ వేషం కట్టిన లూయీజీ బాస్సీకి అప్పటికి 21 ఏళ్లు. అంటే మన కథానాయకుడు నాలుగో ఏట డ్యూటీలో చేరి ఉండాలి. నాలుగో ఏట మనవాళ్లు పలకా బలపం కూడా చేతికివ్వరు. పోనీ, మనిషికి ఒక్క రాత్రే అనుకుందాం, అయినా ఐదేళ్ల ఎనిమిది నెలలు. అందులో స్పెయిన్ నుంచి టర్కీ వెళ్లి రావాలి, గుర్రబ్బండి మీదా ఓడ మీదా. ఒక్క టీఏ బిల్లు లేదు. రాత్రి బస రశీదు లేదు.

నాలుగోది చదివినప్పుడు మాత్రం నాకు నిజంగా నవ్వొచ్చింది. సగం పాటయ్యాక సంగీతం నెమ్మదిస్తుంది, లెపొరెల్లో అభిరుచుల విభాగంలోకి దిగుతాడు. చలికాలంలో బొద్దుగా ఉన్నవాళ్లు, ఎండాకాలంలో సన్నగా ఉన్నవాళ్లు. పొడుగైతే ఠీవి, పొట్టయితే ముద్దు. ముసలివాళ్లని కూడా వదలడట, ఎందుకంటే చిట్టాలో చేర్చుకునే సంతోషం కోసం! చూశారా, ఇది అచ్చంగా మార్చి 31 ఖర్చు. బడ్జెట్ మిగిలిపోతుందని ఎవరికీ అక్కర్లేని బీరువాలు కొనడం లాంటిది. ఆ ఒక్క మాటతో మోహమనే తలకట్టు మొత్తం పోయింది. మిగిలింది అంకె మీద మోజు.

ఇంతవరకూ కాగితాలు. కాగితాలు చూసి ఆగిపోయేవాడు గుమస్తా, స్టోరుకి వెళ్లి బస్తాలు లెక్కపెట్టేవాడు ఆడిటరు. అదృష్టవశాత్తూ ఒపేరా మొత్తం ఆ స్టోరే. ఇంచుమించు ఒక పగలూ రాత్రీ మనం డాన్ జొవానీ వెంట తిరుగుతాం. పైగా ఆయన టార్గెట్ కూడా ప్రకటించాడు. విందుకి ఏర్పాట్లు చేయమంటూ ఊపిరాడకుండా పాడే పాటలో, రేపు తెల్లారేసరికి నా చిట్టాలో ఓ పది పెరగాలి అంటాడు. మంచిది, లెక్కపెడదాం.

మొదటి పేరు డోనా అన్నా. ఇక్కడ పెన్సిలు కింద పెట్టాలి. ముసుగు వేసుకుని రాత్రి ఆవిడ గదిలో దూరాడు. ఆవిడ పెనుగులాడింది, అరిచింది, పారిపోతుంటే పట్టుకుని వీధి దాకా వెంటబడింది. కేకలకి తండ్రి, ముసలి కమెండతోరే, కత్తి తీసుకుని వచ్చాడు. ఆయన్ని చంపేశాడు. చీకట్లో నక్కిన లెపొరెల్లో అడిగిన ప్రశ్న: "చచ్చింది మీరా, ముసలాయనా?" జవాబు విన్నాక వాడే అంటాడు, బాగుంది, రెండు ఘనకార్యాలు, కూతుర్ని బలవంతం చేయడం, తండ్రిని చంపడం అని. అంటే జరిగినదానికి అసలు పేరేమిటో గుమస్తాకి తెలుసు. నోటితో అంటాడు కూడా. పుస్తకంలో ఆ మాట రాయడానికి గడి పెట్టుకోలేదు, అంతే.

రెండో పేరు జెర్లీనా, పల్లెటూరి పిల్ల, ఆ రోజే మజెత్తోతో పెళ్లి. పెళ్లివాళ్లనందరినీ విందుకి పంపేసి, పిల్లని ఒంటరిగా పట్టుకుని, అదిగో నా చిన్న భవంతి, అక్కడ చేతిలో చెయ్యి వేసుకుందాం, అక్కడ నువ్వు అవునంటావు అని మెత్తగా అందుకుంటాడు. రావాలనీ ఉంది, వద్దనీ ఉంది అని ఆ పిల్ల విడిగా జవాబిస్తుంది. విడివిడిగా మొదలైన ఆ రెండు గొంతుకలూ దగ్గరవుతూ దగ్గరవుతూ ఆఖరికి ఒకే మాట మీద కలిసిపోతాయి. పల్లీల సంగతి నేనూ మరిచిపోయాను. ఈ ఒక్కచోట మాత్రం మొజార్ట్ ఆడిటర్‌కి కూడా లంచం ఇచ్చాడు. తీరా రెండడుగులు వేసేసరికి ఎల్విరా ఊడిపడుతుంది. రద్దు.

సాయంత్రం విందులో మళ్లీ ప్రయత్నం. వేదిక మీదే మూడు వాద్యబృందాలు మూడు రకాల నాట్యాలు ఒకేసారి వాయిస్తుంటాయి, పెద్దవాళ్లకొకటి, జెర్లీనాతో ఈయనకొకటి, మజెత్తో అడ్డురాకుండా లెపొరెల్లో వాణ్ణి బలవంతంగా తిప్పడానికి ఇంకొకటి. ఒక ఆడపిల్లని పక్కగదిలోకి లాక్కెళ్లడానికి ఇంత ఏర్పాటు! లోపలి నుంచి కేక. ఈయన బయటికొచ్చి లెపొరెల్లో చెయ్యి పట్టుకుని, దొంగ దొరికాడు, వీణ్ణి చంపేస్తానంటూ కత్తి దూస్తాడు. తప్పు దొరగారిది, మెమో గుమస్తాకి. ఇది చూసి మాత్రం నాకేమాత్రం ఆశ్చర్యం వేయలేదు.

మూడోది ఎల్విరా పనిమనిషి. పనిమనిషి కదా అని నౌకరు బట్టలు వేసుకుని, మాండలిన్ పట్టుకుని కిటికీ కింద అద్భుతంగా పాడతాడు. పాట పూర్తవుతుంది, కిటికీ దగ్గర అలికిడి కూడా అవుతుంది, ఇంతలో మజెత్తో ఆయుధాలతో జనాన్ని వేసుకుని వస్తాడు. రద్దు.

నాలుగోది మనం కళ్లతో చూడం, శ్మశానంలో ఆయన చెబితే వింటాం. వీధిలో ఒక అందమైన పిల్ల ఎదురైందట, తనే చెయ్యి పట్టుకుందట, ముద్దు చేసిందట. ఎందుకంటే ఆయన ఒంటి మీద ఉన్నవి లెపొరెల్లో బట్టలు! నా లెపొరెల్లో అనుకుంది పాపం. మనిషి వేరని తెలియగానే గోల పెట్టింది, ఈయన గోడ దూకి శ్మశానంలో పడ్డాడు. అది నా పెళ్లామే అయ్యుంటే? అని నౌకరు అడిగితే, ఇంకా బాగుండేది అని విరగబడి నవ్వుతాడు. ఆ నవ్వు మీదే కమెండతోరే విగ్రహం నోరు తెరుస్తుంది, తెల్లారకుండా నీ నవ్వు ఆగుతుంది అని.

టార్గెట్ పది, సాధించింది సున్న. స్పెయిన్‌లో 1003 మంది అని చెప్పుకునే మనిషిని చూసి ఇష్టంగా దగ్గరికొచ్చిన ఒకే ఒక్క ఆడమనిషి, గుమస్తా టోపీ చూసి వచ్చింది.

తక్కువ జీతగాళ్ల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. ఒపేరా తెర లేవగానే వినబడేది లెపొరెల్లో ఫిర్యాదే. రాత్రీ పగలూ చాకిరీ, వానా గాలీ ఓర్చుకోవాలి, సరిగా తిండి లేదు, నిద్ర లేదు, నాకూ దొరలా బతకాలని ఉంది, ఇక ఈ నౌకరీ చేయను. రెండో అంకం మొదట్లో నిజంగానే రాజీనామా ఇస్తాడు. నాలుగు బంగారు నాణేలు చేతిలో పడగానే వెనక్కి తీసుకుంటాడు. ఆఖరి విందు దగ్గర యజమాని తింటుంటే చూస్తూ నిలబడి, ఒక ముక్క నెమలికోడి మాంసం దొంగతనంగా నోట్లో వేసుకుంటాడు. యజమాని కనిపెట్టి, కావాలనే పేరు పెట్టి పిలుస్తాడు. బుగ్గలో ముక్క ఉన్నవాడు ఏం పలుకుతాడు? పైగా ఈల వేయమంటాడు! అప్పుడు పక్కన వాద్యబృందం మొజార్ట్ అంతకుముందు రాసిన ఒపేరాలోని పాటే వాయిస్తోంది. ఇది నాకు బాగా తెలిసిన పాటేలే అని గొణుగుతాడు వీడు. సరైన జీతం ఇవ్వనివాడు గుమస్తా దగ్గర సరైన లెక్క ఆశించడం అత్యాశ. నాలుగు నాణేలకి వాడు వెయ్యిన్ని మూడు రాశాడు. ఇంకో రెండిస్తే పోర్చుగల్ కూడా కలిపేవాడు.

ఈ రాతకోతల్లో అనుభవం లేనివాడు కాదు దా పోంతే. ఆయన దీక్ష తీసుకున్న క్రైస్తవ పూజారి, అయినా ఆడవాళ్ల వ్యవహారాలతో 1779లో వెనిస్ నుంచి బహిష్కరించారు. ఆడవాళ్ల వేటకి పేరుమోసిన కజనోవాకి స్నేహితుడు. ఆ కజనోవా అప్పటికి బొహీమియాలో డుక్స్ కోటలో లైబ్రేరియన్‌గా కుదురుకుని ఉన్నాడు, తర్వాత తన ఘనకార్యాలను మూడు వేల పేజీలు దాటేలా స్వహస్తంతో రాసుకున్నాడు. గుమస్తాని పెట్టుకునే స్తోమత లేకపోవడం వల్ల కాస్త వివరాలు మిగిలాయి.

ఈ కథలో పద్ధతి ప్రకారం నడిచే మగాడు ఒక్కడే, డాన్ ఒత్తావియో, డోనా అన్నాకి కాబోయే భర్త. మామగారి శవం పక్కనే ప్రతీకారం తీర్చుకుంటానని ప్రమాణం చేశాడు. చేసి, ముందు విషయం నిర్ధారించుకోవాలన్నాడు. అంతా నిర్ధారణ అయ్యాక, సంబంధిత అధికారులకి అర్జీ పెట్టుకుంటాను అన్నాడు. నిజంగా అదే మాట! నా కళ్లు చెమర్చాయి. అర్జీ పెట్టబోతూ, ఈలోగా మీరు వెళ్లి నా ప్రియురాలిని ఓదార్చండి అని ఉన్నవాళ్లందరినీ బతిమాలుతూ ఒక అద్భుతమైన పాట అందుకున్నాడు. 1788లో వియన్నాలో ఆడినప్పుడు అక్కడి గాయకుడికి ఆ పాట నప్పకపోతే మొజార్ట్ మరో పాట రాసిచ్చాడు. ఈమధ్య ప్రదర్శనల్లో రెండూ పాడిస్తున్నారు, దాంతో ఒత్తావియో చర్య తీసుకోవడం మరో నాలుగు నిమిషాలు ఆలస్యమవుతోంది.

అర్జీ ఏమైందంటారా? శ్మశానంలో డాన్ జొవానీ ఆ విగ్రహాన్ని విందుకి పిలిచాడు లెండి, అది టైముకి వచ్చింది. నీ చెయ్యి ఇయ్యి అంది. పొద్దున జెర్లీనాకి ఎంతో తియ్యగా చాపిన చెయ్యి అది. ఈసారి పట్టుకున్నది వదల్లేదు. పశ్చాత్తాపపడు అంటే, ససేమిరా అన్నాడు, నిప్పుల్లో దిగబడిపోయాడు. ఆ తర్వాత ఒత్తావియో, అన్నా, ఎల్విరా, కొత్త దంపతులు న్యాయాధికారుల సిబ్బందిని వెంటబెట్టుకుని హడావిడిగా వచ్చారు. అర్జీ మీద చర్య జరిగింది! ముద్దాయి నరకానికి వెళ్లిన రెండు నిమిషాలకి. ఇంత సహజమైన ముగింపుని పందొమ్మిదో శతాబ్దంలో చాలాచోట్ల కోసేసి ఆడేవారట, నిప్పులతో ఆపేస్తే గంభీరంగా ఉంటుందని. వాళ్లెప్పుడూ ఆఫీసుల చుట్టూ తిరిగి ఉండరు.

ఇక పెళ్లి ఎప్పుడని ఒత్తావియో అడిగితే, ఇంకో ఏడాది గడువు కావాలంది అన్నా. ఆవిడని ఎవరు తప్పుపడతారు.

ఇదంతా నోట్‌బుక్‌లో నంబర్లు వేసి రాసుకుంటుంటే కోడలు టీ తెచ్చింది. ఎక్కడెక్కడ తేడాలున్నాయో వివరంగా చెప్పాను. పదిహేడేళ్ల లెక్క, గుండ్రటి వంద, మార్చి 31. ఓపిగ్గా విని, "ఆ పుస్తకం నిండా పేర్లున్నాయనేగా వాడు చెప్పింది? పాట మొత్తంలో ఒక్క పేరైనా చదివాడా మావయ్యగారూ?" అంది.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. దేశాలు చదివాడు, ఒళ్లూ పొడుగూ చదివాడు, పల్లెటూరి పిల్లలు, దొరసానులు, రాకుమార్తెలు అని హోదాలు చదివాడు. పేరు ఒక్కటీ లేదు. ఎదురుగా నిలబడ్డ ఎల్విరా కూడా ఆ పేజీల్లో ఎక్కడో ఒక గీత. ఆవిడ చూస్తూనే ఉంది.

మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, గుర్తొచ్చాయి. పేర్ల వరుసలు, పక్కన వేలిముద్రలు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని పాస్ చేశానో. టోటల్ సరిపోయిందా లేదా అని చూసేవాణ్ణి, సంతకం పెట్టేవాణ్ణి. ఈ సంగతి కోడలితో అనలేదు. టీ చల్లారిపోయిందని మాత్రం అన్నాను.

చివరికి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఎల్విరా మఠంలో చేరతానంటుంది. జెర్లీనా, మజెత్తో భోజనానికి ఇంటికి పోతారు, ఈ కథ మొత్తంలో కలిసి కూర్చుని అన్నం తినబోయే జంట వాళ్లే. లెపొరెల్లో మాత్రం ఇంకాస్త మంచి యజమానిని వెతుక్కుంటూ సత్రానికి పోతానన్నాడు. పుస్తకం ఎవరికి అప్పగించాడో ఎక్కడా చెప్పలేదు, చార్జి అప్పగించిన కాగితం లేదు. చంకలోనే ఉండి ఉండాలి. రేపు సత్రంలో ఏ కుర్ర జమీందారో, ఇదివరకు ఎక్కడ చేశావు, ఏం పని తెలుసు అని అడిగితే చూపించుకోవడానికి వాడికి ఇంకేముంది? నాలుగు నాణేలకి తక్కువ అడగడనే అనుకుంటున్నాను.